వంకాయ కూర మీద పడిన నింద

పోయిన వారం అనంతపురంలో నాతోపాటు రిటైరైన మిత్రుడొకరు తన పెద్దపేగు కేన్సర్ రిపోర్టు తెచ్చి నా చేతిలో పెట్టారు. కణితి ముక్కలోని జన్యువులను పరీక్షించి, ఏ మందుకు లొంగుతుందో చూసుకుని, ఆ తర్వాతే కీమో మొదలుపెడతారట. ముప్పై ఏళ్లు జంతుశాస్త్రం పాఠాలు చెప్పినవాణ్ణి కదా, అర్థం చెప్పమన్నారు. చెప్పాను గానీ, మనసు మాత్రం రెండువేల సంవత్సరం దాటిన కొత్తలోకి, కుందుర్పి దగ్గరి మా ఇంటికి పోయింది.

అన్నయ్యకు అదే జబ్బు. ఏడాదిపాటు మొలలనుకుని నాటు మందులు మింగి, చివరికి కీమో కోసం బెంగళూరుకు పోయి వస్తుండేవాడు. అక్కడి ఆసుపత్రిలో పక్క మంచంలో శింగనమల రైతు ఒకాయనకూ అదే జబ్బు, అదే మందు. కొన్ని నెలలకు ఆయన కణితి కరిగింది, మా అన్నయ్యది పెరిగింది.

మన వయసువాళ్ళకు తెలియనిదేముంది, మందు పని చేయలేదంటే ముందు పథ్యం ఎక్కడ తప్పిందని వెదుకుతారు. అమ్మ వెదికింది, దొరికింది కూడా. ఏదీ నోటికి హితవుగాక అన్నయ్య బతిమాలుకుంటే, వదిన ఒకపూట చెనక్కాయల పొడి వేసి వంకాయ కూర చేసిందట. “వంకాయ పెట్టి మందు యిరగ్గొట్టినావు కదే” అని అమ్మ నలుగురిలో అనేసింది. వదిన కూడా అదే నమ్మింది. ఆనాటినుంచి ఆయన ఏమడిగినా జావా, పెసరపప్పు కట్టూ తప్ప పెట్టలేదు.

తిండికీ దీనికీ సంబంధం లేదని, మందుకు లొంగనిది కణితిలోని జన్యువుల వల్లేనని బెంగళూరు డాక్టరుగారు నన్ను పక్కకు పిలిచి చెప్పే ఉన్నారు. నేను ఏటా క్లాసులో చెప్పే సంగతే అది. ఏ జన్యువు ఎప్పుడు పని చేయాలో, ఎప్పుడు ఊరుకోవాలో ఒక అదుపు ఉంటుంది. కణితిలో ఆ అదుపు తప్పి, పెరుగుదలను ఆపేవి మూతబడతాయి, మందును బయటికి తోసేవి తెరుచుకుంటాయి, అదీ ఒక్కొక్కరిలో ఒక్కో తీరుగా. కానీ మా ఇంట్లో జన్యువుల మాటెత్తితే లోపం వంశంలోనే ఉందనుకుని అమ్మ తన కడుపును తానే తిట్టుకుంటుంది. అమ్మ బాధపడాలా, వదిన బాధపడాలా అని తూకం వేసుకుని నోరు మూసుకున్నాను. మహా తెలివిగలవాణ్ణి మరి! మూడు నెలల్లో అన్నయ్య పోయాడు.

అమ్మ కూడా పోయిన కొన్నేళ్ళకు వదినకు అంతా చెప్పాను. గుండె తేలికపడుతుందనుకున్నాను. చెనక్కాయలు వలుస్తున్న చేయి ఆపి, “ఆ పొద్దే చెప్పింటే, మీ అన్న ఆకర్లో ఏమడిగితే అది వండిపెట్టింటాను కదప్పా” అంది. తర్వాత మళ్ళీ వలవడం మొదలుపెట్టింది.

ఈ రోజుల్లో ఇంటివాళ్ళందరినీ కూర్చోబెట్టి డాక్టర్లే ఇవన్నీ విడమరిచి చెబుతున్నారట, మంచిదే. అప్పట్లో మా ఇంట్లో ఆ మాట చెప్పగలిగినవాణ్ణి నేనొక్కణ్ణే.