మా గల్లీలో అరుగులు

మొన్నటి ఎండాకాలం మున్సిపాలిటీ వాళ్లు వచ్చి మా గోడ మీద ఎర్ర గీత గీసి పోయారు. గీతకు లోపలిది మాది, బయట ఉన్న అరుగు రోడ్డుది. మనవడు దాన్ని ఫోటో తీసి దుబాయిలో ఉన్న తండ్రికి సంబరంగా పంపాడు గానీ, నాకు మాత్రం ఇట్లాంటి గీతే పడిన పాత కాలం గుర్తుకొచ్చింది.

అప్పుడు కోరుట్లలో మా గల్లీ అంతా ఆడవాళ్లమే, మగవాళ్లు గల్ఫ్‌లో. ఇంట్లో వెలుతురు తక్కువ కాబట్టి పొద్దున్నే వంట ముగించి, తడిగోనెలో చుట్టిన తునికాకు, తంబాకు చాటలో పెట్టుకుని బీడీలు చుట్టడానికి అరుగెక్కేవాళ్లం. నాకు అక్షరాలు వచ్చింది కూడా అక్కడే. ముగ్గురు పిల్లలు పుట్టాక, నాలుగు తరగతులు చదివిన మా తోటికోడలు అరుగు బండ మీద సుద్దతో రాసి చూపిస్తే, చాట ఒడిలో పెట్టుకునే దిద్దాను. ఆ తర్వాత రోజుకొకరం పైకి పేపరు చదవడం, మిగతావాళ్లం చుడుతూ వినడం అలవాటైంది. చదివినామె వంతు బీడీలు తలా కొన్ని మేమే చుట్టి ఇచ్చేవాళ్లం.

రోడ్డు వెడల్పు చేస్తామని యంత్రం వచ్చిన నాడు మేము కేకలు పెట్టలేదు. ఎవరి చాట వాళ్లం పట్టుకుని ఎవరి అరుగు మీద వాళ్లం కూర్చున్నాం, అంతే. వెంట వచ్చిన సారు మా అత్తను బతిమిలాడాడు.

“అవ్వా, జర లేవుండ్రి. ఊరు పెద్దగైతది.”

“ఊరు పెద్దగైతే మేమేడ కూసోవాలె సారూ? నీ జీపు మీదనా?” అన్నది అత్త.

గల్లీ అంతా నవ్వింది. సారు వెనక్కి పోయాడు, రోడ్డు ఊరవతల పొలాల మీదుగా పోయింది. గెలిచామనుకున్నాం. దుకాణాలు, దవాఖానలు, ఫంక్షన్ హాళ్లు ఆ రోడ్డు వెంట పోయాయి, వాటి వెనక మా పిల్లలూ పోయారు. అత్తకు పానం బాగాలేనప్పుడు అంబులెన్సు గల్లీలోకి రాక, మంచం మీద మోసుకుపోయాం. అయినా అరుగులు కూలితే బాగుండేదని ఆమె అనలేదు, నేనూ అనను. ఈసారి దరఖాస్తు పెట్టి రోడ్డు తెచ్చుకున్నది మా గల్లీ పిల్లలే. వాళ్లది తప్పని కూడా అనను.

మళ్లీ యంత్రం వచ్చిన పొద్దున నేను ఖాళీ చాట పట్టుకుని అరుగు మీద కూర్చున్నాను. అటూ ఇటూ చూస్తే ఏ అరుగు మీదా మనిషి లేదు. డ్రైవరు దిగి వచ్చి నా పక్కనే కూర్చుంటే, కోడలు ఇద్దరికీ చాయ్ తెచ్చింది.

“నువ్వు లేసేదాంక బండి ముట్ట అవ్వా. గని జల్ది తాగు, ఇంక రెండు గల్లీలున్నయి” అన్నాడు.

చాయ్ అయిపోయాక నేనే లేచాను. అడ్డం కూర్చోవాలంటే ఒక్క మనిషి చాలదు, గల్లీ కావాలి.

ఇప్పుడు గడపలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని పేపరు పట్టుకుంటాను. వెలుతురు మునుపటికన్నా బాగానే ఉంది. అలవాటు కొద్దీ పైకే చదువుతాను. బండ్లు పోతూనే ఉంటాయి. చదివినందుకు నా వంతు చుట్టిచ్చే చేతులు మాత్రం ఒక్కటీ లేవు.