రైల్లో పారేసుకోని సూది

మావయ్య పోయాడని అత్త ఫోన్ చేసి చెప్పింది. గత నెల, ఆదివారం పొద్దున్న. "మీ మావయ్య ఎలిపోనాడమ్మీ. టీ తాగి గళాసు కిందెట్టీసి, అలగే గోడకి జారబడిపోనాడు" అంది. ఏడుస్తూ కాదు, ఇంకా నమ్మకం కుదరని గొంతుతో. నేను "అయ్యో" అన్నాను. ఆ వెంటనే నా మనసులోకి వచ్చిన మాట ఏమిటో చెప్పడానికి సిగ్గుగా ఉంది. ఇక ఆయనకు చెప్పక్కర్లేదు అనిపించింది. అంటే ఒక్క క్షణం తేలికపడ్డాను. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషి పోయిన కబురు విని తేలికపడిన దాన్ని నేను. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన మాకు చుట్టం కాదు. హౌరాకు నది అవతల గార్డెన్ రీచ్‌లో, ఓడరేవు డాకు క్వార్టర్స్‌లో మాకూ వాళ్లకూ ఒకటే వరండా. శ్రీకాకుళం వైపు సముద్రపు ఒడ్డు ఊళ్ల నుంచి పనికి వచ్చినవాళ్లే ఆ వరసంతా. మావయ్యది ఓడల్లోకి సరుకెత్తే తాళ్లవలలు బాగుచేసే పని. డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేసి, బనీనుతో వరండాలో చేరి, మిగిలిపోయిన పురికొసలతో సంచులు అల్లేవాడు. మా వీధిలో బజారుకు వెళ్లే ప్రతి ఆడమనిషి చేతిలోనూ ఆయన సంచే. సాయంత్రం పూట కరెంటు పోయినా ఆ చేతులు ఆగేవి కావు.

నాకు ముడులు నేర్పింది ఆయనే. నేను పళ్లు బిగబట్టి లాగుతుంటే "బిగించీకమ్మీ, తాడుకీ ఊపిరాడాల" అనేవాడు. వానాకాలంలో పురికొస మాట వినకపోతే "తడిసిన తాడుతో దెబ్బలాట ఎట్టుకోకు. ఎండబెట్టి మాటాడు" అనేవాడు. పెళ్లయ్యాక మా ఆయనతో కాపురానికి కూడా ఆ మాట బాగానే పనికొచ్చింది.

ఆయన పనిముట్లన్నీ డాకువే, ఒక్కటి తప్ప. అది గేదెకొమ్ముతో చేసిన వల అల్లే సూది. జానెడు పొడుగు, మధ్యలో చిన్న నాలుక. ఆ నాలుకకు దారం చుట్టుకుని అల్లుతారు. వాళ్ల నాన్న సముద్రంలో వేటకు వెళ్లే రోజుల్లో అరగదీసి చేసుకున్నదట. ఊరు వదిలేటప్పుడు కొడుకు చేతిలో పెట్టాడట. పట్టుకుంటే నున్నగా ఉండి, ఎండలో తేనెరంగు తేలేది. దాన్ని అత్తను కూడా ముట్టుకోనిచ్చేవాడు కాదు.

నేను భవానీపూర్‌లో ఒక ఆఫీసులో టైపిస్టుగా చేరాక, తాళ్లు ముడులేసి అలంకారాలు అల్లే మాక్రమే పిచ్చి పట్టుకుంది. అప్పట్లో కాస్త ఉన్న ప్రతి ఇంట్లోనూ ముడులతో అల్లిన ఉట్టిలో పూలకుండీ ఒకటి వేలాడాల్సిందే. నాతో పనిచేసే శిఖా, మాలా కూడా అల్లేవాళ్లు. నా ముడులు చూసి ఎక్కడ నేర్చుకున్నావని అడిగితే, పత్రికలో చూసి అన్నాను. డాకులో తాళ్లు బాగుచేసే మావయ్య దగ్గర అని చెప్పడానికి నోరు రాలేదు. పాపం వాళ్లేమీ అనుకునేవాళ్లు కాదు. గొప్పలన్నీ నావే.

ఒక శనివారం ఆఫీసు అయ్యాక చందన్‌నగర్ వెళ్లి, శిఖా పిన్ని ఇంట్లో పడుకుని, ఆదివారం అక్కడి పాత సామాన్ల దుకాణాలన్నీ గాలించాలని ముగ్గురం అనుకున్నాం. పెద్ద పెద్ద ఇళ్లు అమ్ముడైనప్పుడు బయటికొచ్చిన లేసులు, గుండీలు, పూసలు, నూలు ఉండలు అక్కడ దొరుకుతాయని శిఖా ఊరించింది. ఆ మాట మావయ్యతో అంటే, లోపలికెళ్లి సూది తెచ్చి నా చేతిలో పెట్టాడు.

"పాత నూలు కంటికి బాగుంటాది గానీ లోపల సచ్చిపోయుంటాది. దీని నాలిక్కి సుట్టి ఒక్క లాగు లాగు. పీచు లేసినాదా, ఒగ్గీ."

గుమ్మంలో నిలబడ్డ అత్త ఆయన వంక వింతగా చూసింది. నాకు మాత్రం అదేమీ పెద్ద విషయంలా తోచలేదు.

ఆదివారం మూడో దుకాణంలో నీలం గాజుపూసలు కనబడ్డాయి. తాడు దూరేటంత రంధ్రం, ఒక రేకుడబ్బా నిండా. వెలుతురుకు పెడితే లోపల సన్నటి గాలిబుడగలు. అలాంటివి కొత్తమార్కెట్టులో ఎంత తిరిగినా దొరకవు. పక్కనున్న నూలు ఉండను పరీక్షిద్దామని నేను సూది బయటికి తీశాను. దుకాణం పెద్దాయన చూపు దానిమీదే నిలిచిపోయింది. తీసుకుని అటూ ఇటూ తిప్పి, "డబ్బులొద్దు దీదీ. ఇది నాకిచ్చి డబ్బా మొత్తం పట్టుకెళ్లండి" అన్నాడు.

"ఎవరిదే అది?" అంది మాలా.

"ఇంట్లో పడున్న పాతది" అన్నాను.

"అయితే ఇంకేం, ఇచ్చెయ్!"

ఇచ్చేశాను. ఎవరూ నా చెయ్యి పట్టుకుని బలవంతం చెయ్యలేదు.

తిరుగు ప్రయాణంలో వాళ్లిద్దరూ పూసలు ఒళ్లో పోసుకుని మురిసిపోతుంటే నేను కిటికీ వైపు తిరిగి మావయ్యకు ఏం చెప్పాలా అని వెతుక్కున్నాను. హౌరాలో దిగేలోపు అబద్ధం తయారైంది. "రైల్లో పోయింది మావయ్యా. బల్లకిందికి జారిపోయినట్టుంది" అని ఏడ్చాను. ఏడుపు నిజమైనదే. ఆయన మొహం పాలిపోయింది. అయినా నా తల నిమిరి, "నువ్వు సుబ్బరంగా వచ్చినావు, అదే సాలు. సూదెక్కడికి పోతాది, రైల్లోనే ఉంటాది. ఊరుకో" అన్నాడు.

రైల్లోనే ఉంటుందని నిజంగానే నమ్మాడు. మర్నాడు సెలవు పెట్టి హౌరా స్టేషన్‌లో పోయిన వస్తువుల ఆఫీసుకు వెళ్లాడు. సూది అంటే వాళ్లు నవ్వారట. కాగితం మీద బొమ్మ గీసి చూపించాడట. ఆ తర్వాత లిలువాలో ఉంటూ లోకల్ బళ్లు కడిగే షెడ్డులో పనిచేసే తమ ఊరివాణ్ణి ఒకణ్ణి వెతికి పట్టుకున్నాడు. ఆదివారాలు అక్కడికి పోయి, కడగడానికి వచ్చిన పెట్టెలన్నీ ఎక్కి దిగేవాడు. ఒకసారి మధ్యలో బంద్ పిలుపొచ్చి బస్సులు ఆగిపోతే, లిలువా నుంచి గార్డెన్ రీచ్ దాకా నడిచి వచ్చాడు. కాళ్లు వేడినీళ్లలో పెట్టుకుని, ఆ రోజు బల్లలకింద ఏమేం కనబడ్డాయో నాకు చెప్పేవాడు. పసిపిల్ల జోడు ఒకటి, ఎవరిదో కట్టుడుపళ్లు. "పళ్లు పోనోడు ఏటి తింటున్నాడో పాపం" అని బెంగపడేవాడు. నేను వింటూ అన్నం తినేదాన్ని.

పూసలు చూసినప్పుడు కూడా ఏమీ అనుమానించలేదు. ఒకటి తీసి సూర్యుడికి పట్టి, "ఎంత బాగున్నాయే!" అన్నాడు. వాటితో కుండీకి ఉట్టి అల్లుతూ నడిమి వరస నాకు కుదరకపోతే, వెదురుతో కొత్తగా చెక్కుకున్న సూదితో తనే అల్లి పెట్టాడు. ఆ ఉట్టిని ఆఫీసులో అందరూ మెచ్చుకున్నారు. తర్వాత దాన్ని ఎవరికో ఇచ్చేశాను, ఇంట్లో ఉంచుకోలేక.

రెండు నెలలు గడిచాక ఒక్కదాన్నే చందన్‌నగర్ వెళ్లాను. దుకాణం పెద్దాయన సూదిని ఎప్పుడో అమ్మేశాడు, ఎవరికో గుర్తు లేదు. ఇక నా చేతిలో మిగిలింది నిజం చెప్పడం ఒక్కటే. పెళ్లి కుదిరాక చెబుదామనుకున్నాను. పాప పుట్టాక అనుకున్నాను. ఆయన రిటైరయ్యాక తీరిగ్గా కూర్చుని చెబుదామనుకున్నాను. ప్రతి ఏడూ దసరా పూజలకు నా కూతురికి ఒక సంచి అల్లి పంపేవాడు. సంచి తీసుకుని, ఫోన్‌లో థాంక్స్ చెప్పి, పెట్టేసేదాన్ని. మోకాళ్లు అరిగిపోయి ఆయన మెట్లెక్కడం మానేశాక, వెతుకులాట కూడా ఆగిపోయిందని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను.

పన్నెండో రోజు భోజనాలకు అత్త వాళ్ల ఇంటి ముందు షామియానా వేసి అద్దెబల్లలు పరిచారు. నేను ఒక బల్లమీద కూర్చుని విస్తళ్లు తుడుస్తున్నాను. తల నెరిసిన ఒకాయన అత్తకు దండం పెట్టి, నేనెవరో అక్కడివాళ్లను అడిగి తెలుసుకుని, నా దగ్గరకొచ్చాడు.

"సూది పారీసుకున్న గుంటవి నువ్వేనేటమ్మా? నాను లిలువా నుంచొచ్చినాను."

తలూపాను. ఆయనే చెప్పుకుపోయాడు. "మీ మావయ్య రాలేకపోనాక నన్ను సూడమన్నాడు. నాను రిటైరయిపోనాను గానీ, మా పెద్దోడు అదే షెడ్డులో ఉన్నాడు. ఆడికి అప్పజెప్పినాను. ఇప్పటికీ సూస్తన్నాడు. నువ్వు దిగులెట్టుకోకు."

"ఇన్నేళ్లా?" అన్నాను.

"మరేటి? అలాటిది కిందకి పడదమ్మా. బల్లకింద పట్టీమీద ఇరుక్కుపోతాది. ఒంగి సూస్తే కనపడదు, సెయ్యెట్టి తడమాల. మీ మావయ్యే సూపించినాడు. ఇదిగో, ఇలగ."

ఉతికి ఇస్త్రీ చేసిన తెల్లపంచెతో అక్కడే మట్టిలో మోకాళ్లమీద కూర్చున్నాడు. నేను కూర్చున్న బల్లకింద భుజం దాకా చెయ్యి దూర్చి, కళ్లు మూసుకుని, ఈ చివరినుంచి ఆ చివరికి తడుముతున్నాడు.

"అది రైల్లో లేదు బాబాయ్" అన్నాను. "నేను పారేసుకోలేదు. పూసలకోసం ఇచ్చేశాను."

అన్నం గిన్నెతో వస్తున్న అత్త ఆగిపోయింది. ఆయన కళ్లు తెరిచి నా మొహంలోకి చూశాడు. చెయ్యి ఇంకా బల్లకిందే ఉంది.