కోడి పొదిగిన కోత మిషన్

నేను నర్సును. ములకలపల్లి మండలంల అడవి అంచు ఊర్లు తిరగడం నా ఉద్యోగం. పిల్లలకు టీకాలు, ముసలోళ్లకు బీపీ గోలీలు, కడుపుతోని ఉన్నోళ్లకు పరీక్షలు. పొద్దంతా ఇదే పని. సాయంత్రం ఇంటికొచ్చినంక నేను చేసేది మాత్రం కర్రపని.

ఇది నాకెట్ల అంటుకున్నదంటే, ఒకసారి మా వంటింట్ల పీట విరిగింది. బాగు చెయ్యమని వడ్లాయన చుట్టు తిరిగి తిరిగి యాష్టకొచ్చి నేనే రంపం పట్టిన. పీటైతే అయింది గని, కూసుంటె ఒక దిక్కు ఒరుగుతది. మా ఆయన దాని మీద కూసొని, గోదాట్ల పడవ మీద పోతున్నట్టు అటూ ఇటూ ఊగుకుంట అన్నం తిన్నడు. నాకు నవ్వాగక పొలమారింది. నీళ్లు తాగి మళ్లా నవ్విన. తెల్లారి ఇంకో చెక్క ముందటేసుకున్న.

అట్ల మొదలై, ఫోన్ల వీడియోలు చూసుకుంట పోపుడబ్బాల అర చేసిన, చెప్పుల స్టాండు చేసిన. చిన్నయి బాగనే వచ్చేవి. పొడుగు చెక్కను నిలువునా చీల్చడమే నాతోని అయ్యేది కాదు. గీత గీసిన కాడ మొదలుపెడితే ఇంకెక్కడనో తేలేది. భుజాలు పీకేవి. దానికి కోత మిషన్ కావాలె. బల్ల నడుమ గుండ్రటి బ్లేడు తిరుగుతుంటది, పక్కన ఇనుప గైడ్ ఉంటది. కర్రను ఆ గైడ్‌కు ఆనించి ముందుకు తోస్తె గీత గీసినట్టు సూటిగ చీలుతది. కొత్తది చూసినం. ధర చూసి దుకాణపాయనకు దండం పెట్టి బయటికొచ్చినం. ఇగ పాతదే దిక్కు.

"పాతదైతే ఏంది? మన ట్రాక్టర్ పాతదే, మన ఇల్లు పాతదే, నేనూ పాతోణ్ణే," అన్నడు మా ఆయన. పత్తి, మిర్చి పండిస్తడు. ఊర్ల అందరి లెక్కనే నన్ను సిస్టరమ్మా అంటడు, కాకపోతె ఎక్కిరించుకుంట అంటడు.

"పాతది ఫర్వాలేదు. బ్లేడు మీద కవర్ మాత్రం ఉండాలె," అన్న నేను. దవాఖానాల కూసుంటె నా ముందటికి ఎసువంటి వేళ్లు వచ్చేవో నాకే తెలుసు. నాకు నా పది వేళ్లూ కావాలె. వాటితోనే రేపు మళ్లా ఇంకొకరి చెయ్యి పట్టుకొని సూది వెయ్యాలె.

ముందు ఖమ్మం పోయినం. పాత మిషన్లు అమ్మే దుకాణం. నీలం రంగు నిగనిగలాడే మిషన్ చూపిచ్చిండు దుకాణపాయన. చూపిచ్చింది నాకు కాదు, మా ఆయనకు. మోటర్ గురించి చెప్తడు, బెల్టు గురించి చెప్తడు, అంతా మా ఆయన మొఖం చూసుకుంటనే.

మా ఆయన అంతా ఇని, "అన్నా, నాకు గోడకు మేకు కొట్టుడు గూడ రాదు. కొనేది ఆమె. ఆమెకు చెప్పు," అన్నడు.

ఆయన నా దిక్కు తిరిగి, "అవునా మేడం? ఏం చేస్తరు మీరు?" అనడిగిండు.

"కట్లు కడత," అన్న. ఆయన కర్రల కట్లు అనుకున్నడో ఏమో, తల ఊపిండు.

ఒక స్టీలు గ్లాసుల నీళ్లు అడిగిన. తాగుతననుకొని ఇచ్చిండు. నేను దాన్ని మిషన్ బల్ల మీద పెట్టి, "ఇప్పుడు వెయ్యన్నా స్విచ్చి," అన్న. మిషన్ గుర్రుమన్నది. గ్లాసు బల్ల మీద నడుసుకుంట నడుసుకుంట పోయి అంచు మీదికెళ్లి ఆయన చెప్పుల్ల పడ్డది. లోపల షాఫ్ట్ ఒంకర పోయినట్టుంది. రంగు ఒకటే కొత్తది. ఆయన గూడ నవ్విండు. "మంచి ఉపాయం మేడం, రేపటినుంచి గ్లాసులు దాచిపెడత," అన్నడు. చాయ్ తెప్పిచ్చి తాగిచ్చి పంపిండు.

ఎర్రుపాలెం దిక్కు ఒకటి ఉన్నదంటె ఆడికీ పోయినం. మంచి బరువైన పోత ఇనుప మిషను. మా ఆయన దాన్ని చూసి మనసు పారేసుకున్నడు. చెయ్యి పెట్టి నిమిరిండు గూడ. గని దాని మోటర్ త్రీ ఫేజ్. మా ఇంట్ల ఉన్నది సింగిల్ ఫేజ్.

"చేను కాడ బోరు మోటర్‌కు త్రీ ఫేజ్ ఉన్నది గద, ఆడ పెడదాం," అన్నడు.

"బోరుకిచ్చిన కరెంటుతోని రంపం నడిపిస్తె లైన్‌మన్ ఊకుంటడా? అయినా నేను పత్తి చేనుల కూసొని బల్లలు చెయ్యాల్నా?"

"కవర్ ఏదన్నా?" అని అమ్మెటాయనను అడిగిన. "అడ్డమొస్తున్నదని ఎప్పుడో పీకేసిన," అని చెయ్యి ఊపిండు. ఆ చేతికి చూపుడు వేలు సగమే ఉన్నది. నేను ఆ వేలును చూసిన, మా ఆయన నన్ను చూసిండు. ఇద్దరం బండెక్కినం.

తిరిగీ తిరిగీ నాకు ఆశ సన్నగిల్లుతున్నప్పుడు, కోయగూడెం నుంచి బీపీ గోలీలకొచ్చే అవ్వ ఒకామె దారి చూపింది. నేను తోటి నర్సుతోని మిషన్ ముచ్చట చెప్తుంటె ఇన్నది. "మా బిడ్డ పనికి పోయే పామాయిల్ తోట ఉన్నది గద, అశ్వారావుపేట కాడ. ఆ తోటాయన ముందు కిటికీలు, తలుపులు చేసెటోడు. ఆయింట్ల పట్టా కప్పి ఉన్నది అసువంటిది," అన్నది. అవ్వ చెయ్యి పట్టుకొని ఆ పూట బీపీ రెండుసార్లు చూసిన, సంబరం ఆగక.

ఆదివారం పొద్దున్నే బండి మీద బయలెల్లినం. వాన కురిసి వెలిసింది. రోడ్డుకు రెండు దిక్కుల పామాయిల్ తోటలు, గెలలు నింపుకొని మిల్లుకు పోయే ట్రాక్టర్లు. మా ఆయన వాటి ఎనకాల పోలేక, దాటలేక, పాటలు పాడుకుంట నడిపిండు.

తోటాయన పెద్దాయన. తెల్ల మీసాలు. ఇంటెనక రేకుల షెడ్డు కాడికి తీసుకపోయిండు. పట్టా పైకి లేపి, "గిదేనమ్మా," అన్నడు.

మిషన్ కనబడలే. ముందుగాల కనబడ్డది కోడి. మిషన్ బల్ల మీద గంప, గంపల గడ్డి, గడ్డిల ఒక ఎర్రటి పెట్ట రెక్కలు పరుసుకొని కూసున్నది. మమ్మల్ని చూసి మెడ ఈకలు లేపింది.

"పొదిగింది," అన్నడు ఆయన, కొంచెం సిగ్గుపడుకుంట.

"కొంచెం గంపను కింద పెడితె మిషన్ నడిపి చూస్తం," అన్నడు మా ఆయన.

ఎనక నుంచి ఆయన భార్య గొంతు వచ్చింది. "ఎవరన్న గంప ముడితె చూడున్రి! కదిలిస్తె గుడ్లు మురిగిపోతయి. పిల్లలు అయ్యిందాక ఆ మిషన్ కోడిదే. మాది కాదు."

ఆమె చాటతోని బియ్యం చెరుక్కుంట వచ్చి షెడ్డు గుంజకు ఆనుకొని నిలబడ్డది. పెద్దాయన మీసాలు దువ్వుకున్నడు. ఆ ఇంట్ల మాట ఎవరిదో మాకు సమజైంది.

గంప కదలకుండ చూడగలిగింది నేను చూసిన. చీర కొంగు నడుముకు చెక్కి, సంచి పరిచి, మిషన్ కింద ఎల్లకిల పండుకున్న. ఫోన్ లైటు పట్టుకొని చూస్తె మోటర్ సింగిల్ ఫేజే. బెల్టు పగిలింది, అది పెద్ద ముచ్చట కాదు. కాళ్ల బోల్టులు గట్టిగనే ఉన్నయి. బల్ల కింద పగుళ్లు లేవు. బ్లేడును లేపే చేతి చక్రం తిరుగుతదా అని చెయ్యి పైకి పెట్టిన. టక్కున పొడిసింది పెట్ట.

"అమ్మా!"

"ఏమైంది?" మా ఆయన కంగారుపడి వంగి చూసిండు.

"పొడిసింది."

ఇగ చూడాలె ఆయన నవ్వు. "మిషన్‌కు కవర్ కావాలన్నవ్ గద, కాపలానే ఉన్నది," అని గుంజ పట్టుకొని నవ్విండు. ఆయనను చూసి తోటాయన, తోటాయనను చూసి ఆయన భార్య నవ్విన్రు. నేను మిషన్ కింద పండుకొనే నవ్విన. పైన పెట్ట కొరకొరమన్నది.

నడిపి చూడంది కొనేది లేదని నేనన్న. కోడి లేవంది నడిపేది లేదని ఆమె అన్నది. ఇద్దరి మాటా నిలబడ్డది. పిల్లలు అయినంకనే వస్తమని, అప్పటిదాక ఇంకొకరికి చూపియ్యొద్దని ఒప్పిచ్చుకున్న. ఆమె ఫోన్ నంబర్ తీసుకొని, ఆమె పెట్టిన జొన్నరొట్టె, వంకాయ కూర తిని ఎల్లొచ్చినం.

ఆ తరువాత రోజూ ఫోను. ఉద్యోగంల నాకు అలవాటైన మాటలే నోటికొచ్చేవి. "ఏమన్న కదలిక ఉన్నదా అమ్మా?" అనడిగేదాన్ని. "ఇంకా లేదు సిస్టరమ్మా, మేత మంచిగనే తింటున్నది," అనేది ఆమె. పక్కన కూసున్న తోటి నర్సు "ఏ ఊరి కేసు?" అనడిగితె చెప్పలేక కడుపు పట్టుకొని నవ్వేదాన్ని. మా ఆయన అప్పటికే కొత్త బెల్టు కొనుక్కొచ్చి దేవుని పటం పక్కన పెట్టిండు.

ఒక పొద్దు నేను టీకాల డబ్బా సర్దుతుంటె ఆమెనే ఫోన్ చేసింది. "అయినయి సిస్టరమ్మా! ఒక్కటే గుడ్డు పోయింది. మిగతా పిల్లలన్నీ మంచిగున్నయి!" ఆ గొంతుల ఎంత సంబరమో. నేను దవాఖానా వాకిట్ల నిలబడి "తల్లి ఎట్లున్నది?" అనడిగిన. "మస్తున్నది, ఎవర్నీ దగ్గరికి రానిస్తలేదు," అన్నది.

ఆ ఆదివారం ట్రాలీ ఆటో మాట్లాడుకొని పోయినం. షెడ్డంతా పసుపు, నలుపు పిల్లలు ఉరుకుతున్నయి. మిషన్ మీద గంప లేదు, గడ్డి ఊడ్సి పెట్టిన్రు. తోటాయన, మా ఆయన కలిసి బెల్టు ఎక్కిచ్చిన్రు. నేను బ్లేడును చేత్తో పట్టుకొని అటూ ఇటూ ఊపి చూసిన. ఊగలే. గ్లాసు నీళ్లు పెట్టిన. స్విచ్చి వేస్తె నీళ్లల్ల సన్నటి అలలు వచ్చినయి గని చుక్క కింద పడలే.

"కవర్ ఉండెనా దీనికి?" అనడిగిన.

తోటాయన తల గోకుకున్నడు. "ఉండె. ఎటు పోయిందో..." అని తన భార్య దిక్కు చూసిండు. ఆమె వంటింట్లకు పోయి ఒక రేకు ముక్క పట్టుకొని వచ్చింది. పొయ్యిల బూడిద ఎత్తడానికి వాడుతున్నదంట ఇన్నేండ్లు. "గిది రంపందా? నేను గిందుకే చేసిచ్చిండనుకున్న," అన్నది. బూడిద దులిపి కడిగి బిగిస్తె గట్టిగ కూసున్నది. నేను కొత్త బూడిద పార కొనిస్తనంటె, "పార కాదు, ధర ముచ్చట మాట్లాడు," అని తనే మొదలుపెట్టింది. మా ఆయన ఒక మాట అనబోతె, "నువ్వూకో అయ్యా, మేం మాట్లాడుకుంటం," అన్నది. ఇద్దరం బియ్యం చాట ముందల కూసొని బేరం తెంపుకున్నం. నేను అనుకున్నదానికి కొంచెం ఎక్కువే, ఆమె అనుకున్నదానికి కొంచెం తక్కువే. ఇద్దరికీ మంచిగనే అనిపిచ్చింది.

ఆటోల ఎక్కిచ్చే ముందు తోటాయన ఆగమన్నడు. మూలకున్న మామిడి చెక్క తెచ్చి, "ఒక్కసారి కోస్తనమ్మా," అన్నడు. కోసిండు. చేతులు బ్లేడుకు దూరంగ, ఒక సన్న కట్టెతోని తోసుకుంట, తొందర లేకుండ. పొట్టు ఎగిరి ఆయన తెల్ల మీసాల మీద పడ్డది. కోసిన ముక్కను వాసన చూసి, ఆ సన్న కట్టె నా చేతుల పెట్టిండు. "దీనితోనే తోయి. చెయ్యి తొందరపడితె మిషన్ బంద్ చెయ్యి," అన్నడు. ఆయన పది వేళ్లూ నిక్షేపంగ ఉన్నయి. నాకు అంతకు మించిన గ్యారంటీ ఇంకేం కావాలె?

ఇంటికొచ్చినంక పత్తి పెట్టే కొట్టం ఖాళీ చేసి మిషన్ బిగిచ్చినం. బ్లేడు కొత్తది వేసిన. సామిల్లుల బిల్లు రాయిచ్చుకొని వేపచెక్కలు కొన్న. మా అడవి అంచు ఊర్లల్ల బిల్లు లేని కర్ర ఇంట్ల పెట్టుకుంటె ఫారెస్టోళ్ల భయానికి నిద్ర పట్టదు. కండ్లద్దాలు పెట్టుకొని మొదటి చెక్క తోసిన. ఆ కోత సప్పుడు చిన్నగ మొదలై, గట్టిగై, చెక్క అయిపోంగనే తేటగ మారింది. రెండు ముక్కల అంచులు ఒకదానికొకటి ఆనించి ఎండల పట్టుకొని చూసిన. నడుమ సందు లేదు, వెలుతురు రాలే. మా ఆయన ఆ ముక్కలు గుంజుకొని పక్కింటోళ్లకు, ఎదురింటోళ్లకు చూపిచ్చొచ్చిండు. చూసినోళ్లకు ఏం చూడాల్నో తెలవలే గని అందరూ బాగున్నదన్నరు.

ఆ వేపచెక్కలతోని అన్నం తినే పెద్ద బల్ల చేద్దామనుకున్న. డ్యూటీ నుంచి వచ్చిన సాయంత్రాలన్నీ దానికే పోయినయి. నేను కోసేది, మా ఆయన గరుకు కాయితం పట్టేది. ఆయన చెయ్యి నాకంటె ఓపిక గలదని అప్పుడే తెలిసింది. రుద్ది రుద్ది, చెంప ఆనిచ్చి చూసి, మళ్లా రుద్దేటోడు. ప్రతి కాలును వెంట్రుకవాసి తేడా లేకుండ కొలిసిన. బల్ల నిలబెడితె నాలుగు కాళ్లూ నేల మీద నిలిసినయి. ఎత్తుకొని ఇంటి తలుపు కాడికి పోయినం.

పట్టలే.

అడ్డంగ పెట్టినం, పక్కకు ఒరిగిచ్చినం, కాళ్లు ముందు పెట్టినం. కొత్త బల్ల మా ఇంటి తలుపుల్ల పట్టలే. అన్నీ కొలిసిన నేను తలుపు ఒక్కటి కొలవలే. బల్ల ఒక కొసన నేను, ఇంకో కొసన ఆయన, గడప కాడ నిలబడి ఒకరి మొఖం ఒకరం చూసుకున్నం. "తలుపు పీకుదామా సిస్టరమ్మా?" అన్నడు. ఇద్దరం బల్ల దింపి దాని మీదనే కూలబడి నవ్వినం.

అది ఇప్పుడు ఇంటి ముందల రేకుల కింద ఉన్నది. అన్నం ఆడనే తింటున్నం. రోడ్డు మీద పోయేటోళ్లు "ఏం కూర సిస్టరమ్మా?" అనడిగి ఆగుతరు. నిన్న చింతచిగురు పప్పు. తోటి నర్సు, పక్కింటామె, పత్తి చేనుకు కూలికొచ్చిన ఇద్దరు అక్కలు కూసున్నరు. ఇంకా జాగ ఉన్నదని మా ఆయన ఎదురింటోళ్లను గూడ కేకేసిండు.