షామీర్‌పేటలో ఆ స్టవ్ పేలలేదు

పోయిన మంగళవారం పొద్దున మేడ్చల్ మార్కెట్‌లో పుదీనా కట్ట ఎంచుకుంటుంటే స్టవ్‌ల మేస్త్రి పోయాడని తెలిసింది. చెప్పింది పుదీనా అమ్మే ఆవిడ. "ఏంది సారూ, నీ దోస్తు వోయిండు గద, ఎరకలేదా? శనారం నాడే అయిపాయె. రావల్కోల్ల, బిడ్డ ఇంట్ల," అంది. నాకు తెలియదు. మా కాలనీకి మూడు వందల మందితో ఒక వాట్సాప్ గ్రూపు ఉంది. ఎవరి కుక్క తప్పిపోయినా టీ చల్లారేలోపు దాని ఫొటో వస్తుంది. మా ఇళ్ళలో కుక్కర్లూ గ్యాస్ పొయ్యిలూ ఇన్నేళ్ళు బాగుచేసిన మనిషి పోతే మూడు రోజులపాటు ఎవరికీ తెలియలేదు.

తెలిశాక మాత్రం ఆలస్యం చేయలేదు. సాయంత్రానికి చేతులు జోడించిన బొమ్మలు వరస కట్టాయి. వాటి మధ్య షామీర్‌పేట రోడ్డులో విల్లా కట్టుకున్న ఒక పెద్దమనిషి పొడవాటి సంతాపం రాశాడు. అందులో ఇలా ఉంది: "మంచి పనివాడు. షామీర్‌పేట చెరువు దగ్గర మన స్టవ్ పేలిన ఘటన ఒక్కటి తప్పిస్తే ఆయన పనికి వంక పెట్టలేం. ఆ నిర్లక్ష్యాన్ని ఈ రోజు అందరం క్షమించేద్దాం."

ఆ చివరి మాట మూడుసార్లు చదివాను. నలభై ఏళ్ళు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినవాణ్ణి. స్మృతి వ్యాసాలు వందల్లో దిద్దాను. పోయినవాడి పేరు మొదటి పేరాలో ఉండేది, మిగతాదంతా రాసినవాడి గొప్పలే. వాటిలో అక్షరాలు సరిచేసే హక్కే తప్ప అబద్ధాలు కొట్టేసే హక్కు నాకు లేకపోయింది. ఇప్పుడు ఉద్యోగం లేదు, ఎవరి మొహమాటమూ లేదు. షామీర్‌పేటలో ఆ స్టవ్ పేలలేదు. మేస్త్రి పనిలో లోపం లేదు. ఆ సంగతి నేను చెప్పకపోతే ఆయన పేరు వెనక "నిర్లక్ష్యం" అన్న మాట ఉండిపోతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

ఆయన దుకాణం మేడ్చల్ బస్ డిపో పక్క సందులో, ఒక మంచం పట్టేంత వెడల్పు. రిటైరయ్యాక ఇక్కడ ఇల్లు కొనుక్కుని దిగిన కొత్తలో, మా ఆవిడ పాత ఇత్తడి పంపు స్టవ్‌ను తూకానికి అమ్మేయమంటే, పోతూ పోతూ ఆ దుకాణం ముందు ఆగాను. ఆయన స్టవ్‌ను చేతిలోకి తీసుకుని నాలుగువైపులా తిప్పి చూశాడు. "అమ్ముతవా సారూ దీన్ని? మనసెట్లొచ్చింది?" అన్నాడు. మొదటి మాటే నువ్వు. మా కృష్ణా జిల్లా పెంపకంలో ముక్కూ మొహం తెలియనివాణ్ణి నువ్వు అంటే పోట్లాటకు దిగినట్టే. నాకు ఒళ్ళు మండింది. తర్వాత తెలిసింది, ఆయనకు తహసీల్దారూ నువ్వే, దేవుడూ నువ్వే.

అరలో ఒక గాజు సీసా ఉంది. అందులో నల్లటి బిళ్ళలు నూనెలో మునిగి ఉన్నాయి. ఏదో మాట్లాడాలి కాబట్టి, "అదేం ఊరగాయండీ?" అన్నాను.

"తోలు తొక్కు సారూ. రుచి జూస్తవా?"

అవి పంపులో వేసే తోలు వాషర్లు. ఎండిన తోలు గాలిని పట్టదు. అందుకని వాటిని ఆముదంలో వారాల తరబడి నానబెట్టేవాడు. ఆ పూట వాటిలో ఒకటి తీసి మా స్టవ్‌కు వేశాడు. వేసి నాకు ఇవ్వలేదు. "నువ్వే ముట్టియ్యి," అన్నాడు. అది ఆయన పద్ధతి. బాగుచేసిన స్టవ్‌ను సొంతదారు తన ముందు కూచుని వెలిగించి చూపించాలి. స్పిరిట్ పోసి బర్నర్ కాగేదాకా ఓపిక పట్టకుండా పంపు కొడితే, పొగ మంట లేచి పడితే, మళ్ళీ మొదటినుంచి. "ముట్టించుడు రానోనికిస్తే నేను బాగుచేసి ఏం ఫాయిదా?" అనేవాడు. మా ఆవిడ అమ్మేయమన్న స్టవ్‌ను నాలుగోసారి సరిగ్గా వెలిగించి, యాభై ఏళ్ళ చదువులో ఎన్నడూ లేని సంతోషంతో ఇంటికి తెచ్చుకున్నాను.

ఆ తర్వాత రోజూ పది గంటలకు అక్కడే ఉండేవాణ్ణి. ఒక స్టూలు నాకు కేటాయించాడు. గ్యాస్ ఇంటింటికీ వచ్చాక ఆయన అసలు పనికి గిరాకీ పోయింది. "గాసునూనె దొరుకుడే బందయ్యె, ఇగ స్టవ్ ఎవనికి గావాలె," అని నవ్వేవాడు. కిరసనాయిలును ఆయన గాసునూనె అనేవాడు. అలాంటి రోజుల్లో చిన్న స్టవ్‌లు వచ్చాయి. పాతకాలం సైనికులూ కొండలెక్కేవాళ్ళూ సంచిలో వేసుకుపోయే ఇత్తడి స్టవ్‌లు. అరచేయంత టాంకీ, మూడు మడత కాళ్ళు, పైన ఒక బర్నర్, అన్నీ ఊడదీసి సర్దితే ఒక రేకు డబ్బాలో పడతాయి. కౌకూర్ వైపు పాత సామాను కొట్లలోంచి వాటిని ఏరి తెచ్చినవాడు పైన చెప్పిన విల్లా పెద్దమనిషే. చిలుం పట్టి, పంపు బిగుసుకుపోయి, కాళ్ళు విరిగిన వాటిని గోనెసంచిలో తెచ్చి మేస్త్రి ముందు కుమ్మరించాడు.

మేస్త్రి వాటిని పిల్ల స్టవ్‌లు అనేవాడు. పిల్లలతో మాట్లాడినట్టే వాటితో గొణిగేవాడు. బిగుసుకున్న మరలను సుత్తితో కొట్టగా నేను చూడలేదు. నూనె పోసి, వేడి చేసి, మళ్ళీ నూనె పోసి, అవి లొంగేదాకా రోజులు ఆగేవాడు. బర్నర్ రంధ్రంలో పిన్ను పెట్టేముందు కళ్ళద్దాలు తుడుచుకునేవాడు. వెంట్రుకవాసి రంధ్రం కాస్త పెద్దదైనా మంట పచ్చబడి పొగ కక్కుతుంది. "పిన్ను వెట్టి పొడిచేటోళ్ళు మస్తుమంది సారూ. ఎప్పుడు పొడవద్దో ఎరుకైతెనే మేస్త్రి," అన్నాడొకసారి. నేను దిద్దిన రచయితల్లో ఈ సంగతి తెలిసినవాళ్ళు ఇద్దరో ముగ్గురో.

పెద్దమనిషి తన స్టవ్‌లు తీసుకెళ్ళడానికి డ్రైవర్‌ను పంపేవాడు. మేస్త్రి పద్ధతి మారలేదు. "మీ సారు ముట్టిస్తడా, నువ్వు ముట్టిస్తవా?" అని అడిగాడు. డ్రైవర్ కూచుని నేర్చుకున్నాడు, సారు నేర్చుకోలేదు. ఆ స్టవ్‌లు విల్లా హాలులో గాజు బీరువాలోకి చేరాయి. ఒక్కొక్క దాని ముందూ ఒక అట్ట ముక్క, ఏ దేశంలో తయారైందో, చివర "పునరుద్ధరణ" అని తన పేరు. ఆ అట్టముక్కల్లో అక్షరదోషాలు చూసి పెట్టమని నన్ను పిలిచాడు. దోషాలు లేవని చెప్పి వచ్చాను.

ఇక్కడిదాకా రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. పప్పు రుబ్బుతూ వింది. "ఆయన సంగతి బాగానే ఉతికారు. మీ సంగతి ఎప్పుడొస్తుంది?" అంది.

వస్తోంది.

మూడేళ్ళ కింద చలికాలంలో మా నడక జట్టు ముసలివాళ్ళం ఎనిమిదిమందిమి షామీర్‌పేట చెరువుకు వెళ్ళాం. పెద్దమనిషి తన బీరువాలోంచి మేస్త్రి వారం ముందే బాగుచేసి ఇచ్చిన స్టవ్ ఒకటి తెచ్చాడు, గట్టు మీద టీ కాచుకుందామని. వెలిగించడం ఆయనకు రాదు. డ్రైవర్ ఆ రోజు రాలేదు. "మీరు ఆయన శిష్యులు కదా, కానివ్వండి," అన్నాడు. కానిచ్చాను. మొదటిసారికే హోరున వెలిగింది. అందరూ మెచ్చుకున్నారు. నాకు ఛాతీ పొంగింది.

ఎనిమిదిమంది టీ, అరచేయంత టాంకీ. పాలు పొంగేలోపే నూనె అయిపోవచ్చి హోరు తగ్గి ఆగింది. "ఇంతేనా మీ గురువుగారి పనితనం?" అని పెద్దమనిషి నవ్వాడు. అంతా నవ్వారు. మేస్త్రి నాకు ఈ విషయంలో నేర్పింది ఒక్కటే, రెండేళ్ళపాటు పదేపదే. నూనె అయిపోతే గాలి వదులు, చల్లారనియ్యి, టాంకీ మీద చెయ్యి కాలకుండా ఆనాకే మూత తియ్యి. "పగటిపూట కండ్లను నమ్మకు సారూ. ఎండల నీలి మంట కనవడది." నేను కళ్ళనే నమ్మాను. హోరు లేదు, మంట కనబడలేదు, ఆరిపోయిందనుకున్నాను. గాలి కూడా వదలకుండా మూత తిప్పాను. లోపలి ఒత్తిడికి నూనె ఆవిరి బుస్సున చిమ్మి అంటుకుంది. పెద్దమనిషి అటు తిరిగి చెరువుతో ఫొటో దిగుతున్నాడు, అందరి కళ్ళూ ఆయన మీదే ఉన్నాయి. ఆయన శాలువా కొంగు అంటుకుంది. దాన్ని నేలకేసి తొక్కుతూ "పేలిందయ్యా, స్టవ్ పేలింది," అన్నాడు.

అందరూ నావైపు చూశారు. కాలిన రెండు వేళ్ళను జేబులో పెట్టుకుని నేను అన్నాను, "వాషర్ పోయినట్టుంది."

ఆ మాట కూడా మేస్త్రి దగ్గర నేర్చుకున్నదే.

మర్నాడు పెద్దమనిషి దుకాణానికి వెళ్ళి, బాగుకావాల్సినవి ఇంకా ఏడుంటే, అన్నీ గోనెలో వేసుకుపోయాడు. వాటిలో ఒకదానికి ఒక కాలు లేదు. పాత ఇత్తడి కుళాయిని ఆకురాయితో అరగదీసి రెండు నెలలుగా మేస్త్రి దానికి కాలు తయారుచేస్తున్నాడు. ఆ సగం కాలును కూడా గోనెలో పెట్టి, "గిది గూడ దానిదే, తీస్కపో," అన్నాడట. కాలిన స్టవ్‌ను మాత్రం పెద్దమనిషి బల్ల మీద వదిలి వెళ్ళాడు, చేసిన పని చూసుకోమని.

వారం తర్వాత నేను వెళ్ళేసరికి మేస్త్రి దాన్ని విప్పి పాత చొక్కా గుడ్డ మీద పరిచి ఉంచాడు. వాషర్లు చెక్కుచెదరలేదు. టాంకీ అతుకు విడలేదు. మసి ఒక్క పక్కనే ఉంది, మూత చుట్టూ. ఆయన బొటనవేలితో ఆ మసిని రుద్దుతూ అడిగాడు.

"ఎవలు ముట్టిచ్చిన్రు సారూ?"

"నేనే."

"మూత ఎవలు తీసిన్రు?"

"ఏమో. చూడలేదు," అన్నాను.

ఆయన బొటనవేలి మసిని గుడ్డకు తుడుచుకున్నాడు. "చాయ్ తాగుదమా?" అన్నాడు. తాగాం. స్టూలు నాకు ఎప్పటిలాగే ఉంది. కబుర్లూ ఉన్నాయి. కానీ ఆ రోజు నుంచి చివరిదాకా నా చేతికి ఒక్క స్టవ్ కూడా ఇచ్చి ముట్టించమనలేదు. ఎవరైనా పాత స్టవ్ తెస్తే ఆయన పక్కకు జరిగి వాళ్ళను కూచోబెట్టేవాడు, నేను స్టూలు మీద నుంచి చూసేవాణ్ణి. ఇంతకు మించి ఆయన నన్ను ఏమీ అనలేదు. గిరాకీకి గ్యాస్ పొయ్యిల గొట్టాలు మార్చుకుంటూ, కుక్కర్లకు పిడులు వేసుకుంటూ ఉండిపోయాడు.

గురువారం రావల్కోల్‌లో మేస్త్రి కూతురి ఇంటికి వెళ్ళాను. మేస్త్రి భార్య వాకిట్లో కూచుని మిరపకాయల తొడిమెలు తుంచుతోంది. చెప్పాల్సింది చెప్పేశాను. ఆవిడ చేతులు ఆగలేదు.

"మాకెరుకనే సారూ. ఆనాడే జెప్పిండు."

"ఏమన్నాడమ్మా?"

"ఏమంటడు. సారుకు రెండేండ్లు నేర్పిన, నాకు నేర్పుడే సక్కగ రాలేదు, అన్నడు."

ఆవిడ ఇంకో గుప్పెడు కాయలు దగ్గరికి లాక్కుంది. "గీ ముచ్చట మాకెందుకు జెప్తున్నవు? ఆ పెద్దసారుకు జెప్పు. అనుకుంట తిరిగేది ఆయననే గద."

అక్కడి నుంచి నేరుగా షామీర్‌పేట వెళ్ళాను. పెద్దమనిషి సాంతం విన్నాడు. "ఇప్పుడివన్నీ తవ్వుకోవడం దేనికండీ? పోయినాయనకు ఒరిగేదేముంది? పైగా మీకే చిన్నతనం," అన్నాడు. ఆ చివరి మాటలో మాత్రం తప్పు దొరకలేదు. గ్రూపులో నేనే రాశాను. ముగ్గురు బొటనవేలు బొమ్మ పెట్టారు. ఒకరు శుభోదయం అన్నారు. పెద్దమనిషి తన సంతాపాన్ని దిద్దలేదు. అందుకని ఈ సంగతి, మేస్త్రిని ఎన్నడూ చూడని మీకు చెప్పుకుంటున్నాను.

ఆ గురువారం పెద్దమనిషి ఇంటి నుంచి వచ్చేస్తూ గాజు బీరువా ముందు ఆగాను. వీటిని ఎప్పుడైనా వెలిగిస్తుంటారా అని అడిగాను. "అయ్యో, పాలిష్ పోదూ," అన్నాడు.

నేను వాటిని వెలుగుతుండగా చూశాను. మొదటి విడత పదకొండు స్టవ్‌లు పూర్తయిన రోజు ఆకాశం బాగా మూసుకుపోయింది. మధ్యాహ్నమే దీపాలు పెట్టుకునేంత మబ్బు. మంట రంగు చూడటానికి మంచి పూట దొరికిందని మేస్త్రి వాటిని సందులో గోడ వారగా వరసలో పెట్టి, గొంతుకూచుని ఒక్కొక్కటే ముట్టించుకుంటూ పోయాడు. పదకొండు నీలి పూలు. వాటి హోరుకు డిపోలో బస్సుల చప్పుడు వినబడలేదు. టికెట్ల సంచితో ఒక కండక్టరమ్మ ఆగి చూసింది. మేస్త్రి వంగి ప్రతి మంటలోకీ చూస్తూ చివరిదాకా నడిచి, వెనక్కి తిరిగి, ఏ ఒక్కదాన్నీ ముట్టుకోకుండా చేతులు లుంగీకి తుడుచుకున్నాడు. తర్వాత మొదటిదాని గాలి స్క్రూ వదులు చేశాడు. అది నిట్టూర్చి ఆరింది. రెండోది, మూడోది. ఒక్కొక్కటి ఆరినకొద్దీ హోరు పలచబడుతూ వచ్చింది. చివరిదాని దగ్గర మాత్రం ఆయన స్క్రూ మీద వేలు పెట్టి, తిప్పకుండా, చాలాసేపు అలాగే కూచున్నాడు.