మా అమ్మ కన్నీళ్ళ కోసం జరిగిన యుద్ధం

మా చిన్నప్పుడు... ఆదివారం చర్చి అయిపోగానే, కారు ఎక్కీ ఎక్కకముందే, నాన్న నా చెవిలో డ్యూటీ వేసేవాడు.

"అమ్మమ్మ వాళ్ళింట్లో అమ్మా, మావయ్యా ఏం మాట్లాడుకుంటారో విని నాకు చెప్పాలి. సరేనా బంగారం?"

నాకప్పుడు తొమ్మిదేళ్ళు. అంటే... కన్నతల్లి మీద గూఢచారి ఉద్యోగం! జీతం ఒక ఐస్‌క్రీము.

సంగతేంటంటే... నాన్నా, మావయ్యా కలిసి సినిమాలు తీసేవాళ్ళు. మావయ్య అంటే అమ్మకి సొంత అన్న. ఏదో సినిమా దగ్గర ఇద్దరికీ చెడింది. నాన్న ఆఫీసు ఫిల్మ్ నగర్‌లోనే ఉండిపోయింది, మావయ్య జూబ్లీ హిల్స్‌లో వేరే బోర్డు పెట్టుకున్నాడు. పైగా ఇద్దరి సినిమాలూ ఒకే రోజు విడుదలని ప్రకటించుకున్నారు. ఇక చూస్కోండి, యుద్ధమే! ఇటు ఆఫీసు బాయ్ అటు మేనేజరుతో టీ తాగుతూ కనబడ్డాడా... వాడి ఉద్యోగం ఊడినట్టే.

ఇద్దరికీ మధ్యన, శ్రీనగర్ కాలనీలో అమ్మమ్మ ఇల్లు. అది ఎవరి పక్షమూ కాని దేశం. "మీ సినిమాలు కూడా చెప్పులతో పాటు గేటు దగ్గరే విప్పి రండి" అనేది అమ్మమ్మ. అక్కడ ఇద్దరూ ఒకే బల్ల దగ్గర ఒకే చేపల పులుసు తినేవాళ్ళు. "బావా, ఆ గిన్నె ఇలా ఇవ్వు" అనుకునేవాళ్ళు... మొహాలు మాత్రం చూసుకునేవాళ్ళు కాదు.

ఇక్కడ మా వాళ్ళ అలవాటు ఒకటి చెప్పాలి. ఏ కథ అనుకున్నా ముందు ఇంట్లో ఆడవాళ్ళకి చెప్పి చూసేవాళ్ళు. వీళ్ళిద్దరికీ ఆ పరీక్ష మా అమ్మే! వసారాలో మడత కుర్చీలో కూర్చుని వినేది. అమ్మ కొంగు కళ్ళ దాకా వెళ్ళిందంటే కథ ఓకే. ఈవిడ ఏడిస్తే రాష్ట్రమంతా ఏడుస్తుందని ఇద్దరికీ ఒకటే నమ్మకం.

యుద్ధం వచ్చినా ఆ నమ్మకం చావలేదండోయ్... నాన్న ఇంట్లో తలుపేసుకుని తన కథ చెప్పాడు. అమ్మ ఏడ్చింది. మావయ్య అమ్మమ్మ వంటింట్లో, ఎవరూ లేకుండా చూసి, తన కథ చెప్పాడు. అమ్మ అక్కడా ఏడ్చింది. రెండూ కడుపులోనే దాచుకుంది. ఒక్క ముక్క ఇటుది అటు పోలేదు.

కానీ నమ్మేదెవరు? ఇక్కడ నాన్న "మీ అన్న కథేంటి?" అని. అక్కడ మావయ్య "మీ ఆయన క్లైమాక్స్ ఏంటే?" అని. ఆదివారం ఎప్పుడొస్తుందా అని చూసే మనిషి, ఆదివారం వస్తోందంటే హడలిపోవడం మొదలెట్టింది. ఆవిడ భయం ఒక్కటే... ఈ గొడవలో పుట్టిల్లు పోతుందేమోనని.

నా రిపోర్టు మాత్రం ప్రతివారం ఒకటే. "పులుసులో చింతపండు ఎక్కువైందనుకున్నారు నాన్నా." నాన్న గుడ్లురిమేవాడు. ఐస్‌క్రీము కట్. పోతే పోయింది, ఎవడిక్కావాలి!

ఇంతలో ఎవడో నాన్నకి కబురు మోశాడు... నాన్న సినిమాలో ఆసుపత్రి సీను మావయ్య ఆఫీసులో అందరికీ తెలుసని. నాన్న ఇంటికొచ్చి అమ్మ మీద మండిపడ్డాడు. "ఇక శ్రీనగర్ కాలనీ బంద్! నువ్వు నా భార్యవో, వాడి చెల్లెలివో తేల్చుకో."

ఆ ఆదివారం చర్చికి నాన్న రాలేదు. బయటికి రాగానే మా డ్రైవర్ యాదగిరి నసుగుతూ నిలబడ్డాడు. "అమ్మా, సారు సీదా ఇంటికే తీస్కరమ్మన్నడు... జర నా నౌకరి చూడుండ్రి."

"నీ నౌకరీకేం కాదు యాదగిరీ. కారు ఇంటికి తీసుకెళ్ళిపో" అంది అమ్మ. నా రెక్క పట్టుకుని ఆటో ఎక్కింది. అమ్మ ఆటో ఎక్కడం నేను అదే చూడటం!

అందరం భోజనానికి కూర్చున్నామో లేదో, నాన్న వచ్చేశాడు. చెప్పులతోనే... సరాసరి బల్ల దగ్గరికి!

"నా కథ వీడి దగ్గరికెలా వెళ్ళింది?"

"నా చెల్లెల్ని పుట్టింటికి రావద్దనడానికి నువ్వెవరు బావా?" అని మావయ్య లేచాడు.

అరుచుకుని అరుచుకుని, చివరికి ఇద్దరూ అమ్మ మీదకే తిరిగారు. నువ్వు ఎవరి పక్షమో ఇప్పుడే చెప్పమని.

అమ్మ తాపీగా చెయ్యి కడుక్కుని వచ్చింది. "చెప్తాను. ఇద్దరి కథలూ నాకు తెలుసు. ముందు ఎవరిది చెప్పమంటారు?"

అని మావయ్య వైపు తిరిగింది.

"అన్నయ్యా, ఈయన సినిమాలో చివరికి ఏమవుతుందంటే..."

"వద్దొద్దు!" అన్నాడు నాన్న.

"సరే. ఏవండీ, మా అన్నయ్య కథలో ఆ చెల్లెలుందే..."

"ఒసేయ్, నీకు దణ్ణం పెడతానే!" అన్నాడు మావయ్య.

అమ్మమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

అప్పుడంది అమ్మ... "చెప్పేదాన్నయితే ఇన్నాళ్ళు ఎందుకు దాస్తాను? మీ ఇద్దరికీ నా ఏడుపు కావాలి. ఏడ్చే మనిషి మాత్రం అక్కర్లేదు. ఇక మీ కథలకి నేను ఏడవను. ఆదివారం మాత్రం ఇక్కడికి వస్తాను. ఎవరాపుతారో చూస్తాను!"

అని కూర్చుని, "అమ్మా, నాకింకో ముక్క వెయ్యి" అంది.

నాన్న మెల్లిగా గేటు దాకా వెళ్ళి, చెప్పులు విప్పి వచ్చాడు.

ఇంతకీ ఆ సీను బయటపెట్టింది ఎవరనుకున్నారు? మా నాన్నే! ఎడిటింగ్ రూములో కనబడిన వాళ్ళందరికీ గొప్పగా చెప్పుకున్నాడట. సినిమావాళ్ళ కడుపులో సొంత కథ ఆగుతుందా!

వాళ్ళిద్దరూ మళ్ళీ కలిసి సినిమా తీయలేదు. అమ్మ కూడా మాట తప్పలేదు. నాన్న ఎంత ఏడుపు సీను చెప్పినా, చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ విని, "బావుందండీ" అని లేచిపోయేది. ఒక్క ఆదివారం కూడా మానలేదు.

ఇప్పుడు అమ్మమ్మ ఇల్లు లేదు... ఆ చోట అపార్ట్‌మెంటు, కింద కాఫీ షాపు. కథలు ఏసీ గదుల్లో ల్యాప్‌టాపులకి చెప్పుకుంటున్నారు. మా బంధువుల వాట్సాప్ గ్రూపే రెండైంది.

మొన్న అమ్మనడిగాను, "నిజం చెప్పు, అప్పుడు నువ్వు ఎవరి పక్షం?" అని.

"పులుసు పక్షం" అంది.

మీ ఇంట్లోనూ ఉండే ఉంటుంది... ఇద్దరి మధ్య నిలబడి, ఇద్దరికీ లొంగని మనిషి. ఆవిడ గురించి కింద రాయండి. ఎవరి పక్షమని మాత్రం అడక్కండి... ఆవిడకేం కావాలో అప్పుడెవరైనా అడిగారా, అది చెప్పండి.