పొరక పట్టిన పాలెగాడు

ఆస్తి పోయిన చాలా ఏళ్ల దాకా ఆ సంగతి మా ఇంటి నడుములకు తెలియలేదు. పొలాలు పోయాయి, జీపు పోయింది, మిద్దె సగం కూలింది. అయినా పాలెగాళ్ల వంశమన్న పట్టుదలతో మా మగవాళ్లు కుర్చీలో కూర్చుంటే వెనక చెక్కకు వీపు తగలనిచ్చేవాళ్లు కాదు. ఆ రోజుల్లో నేనూ అంతే. నేత డిప్లొమా పట్టుకుని కడప వైపు ఒక చీరల షెడ్డులో సూపర్‌వైజరుగా చేరిన మొదటి రోజే, పొట్టి గుమ్మంలోంచి తల వంచకుండా వెళ్లబోయి నుదురు బొప్పి కట్టించుకున్నాను. (వంచలేదని లోలోపల సంతోషించాను కూడా.) అప్పటినుంచి షెడ్డు యజమాని నన్ను "పాలెగాడప్పా" అనే పిలిచేవాడు. ఆయన్ని ఊరంతా మెరుపు మామ అనేది. చీర మడత విప్పితే పెళపెళలాడుతూ మెరవాలని ఆయన కోరిక. అందుకని పడుగు నూలుకు గంజి చిక్కగా, దట్టంగా పట్టించేవాడు.

ఒకసారి ప్రొద్దుటూరులో బట్టల అంగడి నడిపే ఆవిడ మా చేత చీరలు నేయించుకుంది. తీసుకుపోదామని వచ్చి, ఒకటి భుజాన వేసి చూసుకుంది. పైట కిందికి జారనంది.

"ఏందన్నా ఇది? తడికె మాదిరి నిలబడుకోనుండాది! సాయంత్రం మళ్లా వస్తా. మెత్తగా ఉంటే తీసుకుపోతా, లేకుంటే మీరే కట్టుకోండి" అని వెళ్లిపోయింది.

మామ నా వైపు తిరిగాడు. "నూలు ఏరినోడివి నువ్వే గదప్పా. మొద్దు నూలు తెచ్చినావు. ఆయమ్మ వద్దంటే నీ పెట్టె సర్దుకో."

పెట్టె సర్దుకుంటే నాకు మిగిలే దారి బేతంచెర్ల ఒక్కటే. అక్కడ బండల పాలిష్ ఫ్యాక్టరీలో లారీల లెక్క రాసే పని మా చిన్నాన్న అప్పటికే మాట్లాడి పెట్టాడు. ఆ ఫ్యాక్టరీ యజమాని ఒకప్పుడు మా తాత జీపు తోలినాయన. (చాలా మంచి మనిషి. అదే నాకు ఎక్కువ బాధ.) ఆయన ముందు చేతులు కట్టుకుని నిలబడాలన్న ఊహకే నా వెన్ను ఇంకాస్త బిగిసింది.

ఆ నూలు నేను ఏరినప్పుడు మెత్తగానే ఉంది. అందుకని తప్పు నూలుది కాదని గట్టిగా చెప్పాను. చదువుకున్నవాడిని కాబట్టి పుస్తకం భాషలోనే చెప్పాను. "మామా, నూలుపోగు వంగాలంటే లోపలి దూది పోచలు ఒకదాని పక్కన ఒకటి కాస్త జరగాలి. జరగనీయకుండా పోచల మధ్య ఘర్షణ పెరిగింది."

"ఘర్షణా? యాడ? ఎవురెవురికి? నా షెడ్లో ఒక్క కొట్లాట లేదే!"

మగ్గాలు ఆగిపోయాయి. మూలన కండెలు చుడుతున్న మామ తల్లి, చెవిటి అవ్వ, తల ఎత్తి "ఎవురు కొట్టుకుంటాండారురా?" అని అరిచింది.

ఇక మాటలతో లాభం లేదని మూలనున్న కొబ్బరి ఈనెల పొరక అందుకున్నాను. అవ్వ పరుగున వచ్చింది. "అయ్యో, పాలెగాళ్ల బిడ్డవి, నువ్వు పొరక పట్టేదేంది నాయనా! కసువు నేనూడుస్తా, ఇట్లియ్యి!" నేను ఇవ్వలేదు. మా వంశంలో కత్తి పట్టినవాళ్లు ఉన్నారట. పొరక పట్టిన మొదటివాణ్ణి నేనే.

"వంచు మామా" అన్నాను. వంచాడు. ఈనెలు ఒకదాని మీద ఒకటి జారి పొరక సులువుగా వంగింది. అప్పుడు తెగిన నూలుతో పొడుగునా అక్కడక్కడ బిగించి కట్టి మళ్లీ ఇచ్చాను. మామ మోకాలికి ఆనించి మూలుగుతూ వంచబోయినా అది దుడ్డుకర్రలాగా నిలబడింది.

"అవే ఈనెలు. జరగడానికి వీల్లేదు, అంతే. ఈ కట్లే నువ్వు పెట్టించిన గంజి."

మామ పొరక కట్లను గోటితో గీకి చూశాడు. "అయితే చీరలు ఉతకమంటావా? మెరుపంతా పోతాదే!"

"ఉతకొద్దు. కట్లు తెంచుదాం."

నున్నటి గుంజను అడ్డంగా కట్టించాను. చీరను దాని మీద వేసి, ఒక కొస నేను, ఇంకో కొస మామ పట్టుకుని ఇటూ అటూ లాగాం. గుంజ మీద వంగిన ప్రతిచోటా గంజి అతుకు చిట్లి తెల్లటి పొడి రాలింది. అవ్వ తుమ్ముతూనే ఉంది. నేతగాళ్లు తలా ఒక చీర అందుకున్నారు. లాగేటప్పుడు నేను నడుం వంచక తప్పలేదు. (పని తొందరలో ఎవరూ గమనించలేదనుకున్నాను. షెడ్డంతా గమనించిందని తర్వాత తెలిసింది.)

సాయంత్రం అంగడి ఆవిడ పైట వేసుకుంది. అది భుజం మీంచి నీళ్లలాగా జారింది. "అదే నూలా?" అని నోరు తెరిచింది.

"అదే నూలమ్మా!" అన్నాడు మామ, ఛాతీ విరుచుకుని. "లోపల పోచలకు శానా కొట్లాటగా ఉండె. మా పాలెగాడు పంచాయితీ చేసి తీర్చినాడు." ఆమె చీరలన్నీ తీసుకుంది. ఇంకా కావాలంది. మామ నా భుజం తట్టి, "పెట్టె యాడికీ పోదు, నువ్వూ పోవు" అన్నాడు.

గెలిపించిన పొరకను చేతిలోకి తీసుకుని, అక్కడినుంచే చిన్నాన్నకు ఫోను చేశాను. "నేను బేతంచెర్ల రాను. ఇక్కడ గెలిచాను."

"దేంతో గెలిచినావురా?"

నిజం చెబితే మా ఇంట్లో వారం అన్నాలు మానేస్తారు. "చదువుతో" అన్నాను.

తర్వాత టీ తాగుదామని బజారు నడిమధ్యగా బయలుదేరాను. అందరూ నన్నే చూస్తున్నారు. నా విజయం అప్పుడే ఊరంతా పాకిందని తల ఇంకాస్త ఎత్తాను. టీకొట్టాయన గ్లాసు అందిస్తూ, "ఏమప్పా, ఇంత పొద్దుపోయినాక యాడ ఊడ్సేకి పోతాండావు?" అన్నాడు. అప్పుడు చూసుకున్నాను, పొరక నా భుజం మీదే ఉంది.

ఇప్పుడు నాకూ ఒక షెడ్డు ఉంది, ఆవిడ అంగడికే చీరలు పంపుతున్నాను. సన్మానాలంటూ అప్పుడప్పుడు శాలువాలు కూడా కప్పుతారు. అవి కప్పుకుని ఎన్నోసార్లు నడిచి చూశాను. ఆ సాయంత్రం ఆ పిచ్చి కుర్రవాడు నడిచినంత దర్జాగా నడవడం మాత్రం మళ్లీ నా వల్ల కాలేదు.