వదినగారి పిట్టలు

మా వదినగారు మంగళవారం వేకువన పోయారు. మావారి అక్కగారు ఆవిడ. ఆసుపత్రి నుంచి వచ్చిన ఫోను పెట్టేసి మావారు "అక్క వెళ్లిపోయిందే" అన్నారు. నేను "ఆయ్" అన్నాను. పొయ్యి మీది పాలు దించి, చల్లారేదాకా నిలబడి, తోడు వేశాను. ఇప్పటికీ ఏడుపు రాలేదు.

ఆవిడ ప్రభుత్వాసుపత్రిలో నర్సుగా చేశారు. రిటైరయ్యాక కెమెరా కొనుక్కున్నారు. పెళ్లి ఫొటోలు తీయమని ఎవరైనా అడిగితే, "మనుషులు నన్ను చూసి నవ్వుతారమ్మా. పిట్టయితే దాని పని అది చేసుకుంటుంది" అనేవారు. రాజోలులో మా ఇళ్లు పక్కపక్కనే. అరటిపువ్వు దగ్గరికొచ్చే తేనెపిట్ట కోసం పెరట్లో పీట వేసుకుని కూర్చునేవారు. పలకరిస్తే వేలు పెదవి మీద పెట్టుకునేవారు.

ఒక వేసవిలో వాళ్ల వీధి గుమ్మం పక్క క్రోటన్ మొక్కలో పిగిలిపిట్ట గూడు కట్టింది.

"ఫొటోకి ఆకు అడ్డమొస్తోంది, తుంచేద్దామా అండీ?" అన్నాను.

"ఆ ఆకే దానికి గొడుగమ్మా. ఎండ తగిలితే గుడ్లు ఉడికిపోవూ?" అన్నారు.

ఆ రోజు నుంచి వీధి తలుపు తీయలేదు. ప్రార్థనకొచ్చిన పాస్టరుగారికి కూడా కిటికీలోంచే చెప్పారు. "అయ్యగారండీ, దొడ్డిదారిన రండి. ఇటు గుమ్మంలో పురిటిమనిషుందండి." పాపం ఆయన పంచె ఎగ్గట్టుకుని నూతి పక్క బురదలోంచి వచ్చారు. పిల్లలు ఎగిరిపోయాకే ఆ తలుపు తెరుచుకుంది.

తర్వాత ఆవిడకు చేతులు వణకడం మొదలైంది. పోయిన చలికాలం మడ అడవులు చూడాలన్నారు. పడవలో వెళ్లాం. ఒక మడచెట్టు వేరు మీద నల్లతల లకుముకి పిట్ట, ముక్కున చేపతో కూర్చుని ఉంది. ఎన్నేళ్లుగానో దాని కోసమే ఆవిడ ఎదురుచూపు. కెమెరా ఎత్తారు. నిలవలేదు. మళ్లీ ఎత్తారు. మెల్లిగా నా ఒళ్లో పెట్టేశారు.

"నువ్వు తియ్యమ్మా. నేను చూత్తాను."

"దగ్గరికి పోనిమ్మంటారా అమ్మగారూ?" పడవాయన అడిగాడు.

"వద్దు బాబూ. తింటంది కదా, తిననీ."

నేను తీసిన ఫొటోలో పిట్ట వెనక సగమే పడింది. ఆవిడ చాలాసేపు చూశారు. "తోక బాగా వచ్చిందమ్మా" అని, తనే ముందు నవ్వారు.

సమాధుల తోటకి తీసుకెళ్తున్నప్పుడు అందరూ పాట పాడుతున్నారు. నా పెదవులు కదులుతున్నాయి గానీ ఏం పాడుతున్నానో తెలియలేదు. పక్క చేలో ట్రాక్టరు దమ్ము చేస్తోంది. డ్రైవరు మమ్మల్ని చూసి ఇంజను ఆపేశాడు, తలగుడ్డ తీసి చేత్తో పట్టుకున్నాడు. ట్రాక్టరు వెనకే పురుగులేరుకుంటూ వస్తున్న కొంగలు కూడా ఆగిపోయాయి. మేం దాటి వెళ్లేదాకా, కాళ్లు బురదలో దిగేసి, తెల్లగా, అలాగే నిలబడి ఉన్నాయి.